మైదా జిగురు, పసుపు, కరక్కాయ: ఇంట్లో ఉన్నవాటితో ఆర్ట్ జర్నల్ మొదలుపెట్టడం ఎలా

రాత, బొమ్మ, రంగు, అతికించిన ముక్కలు అన్నీ కలిసిన డైరీనే ఆర్ట్ జర్నల్ అంటున్నాం. మొదలుపెట్టాలనుకునే వాళ్ళలో చాలామంది ముందుగా మంచి ఖరీదైన నోట్‌బుక్ ఒకటి కొంటారు. నేనూ కొన్నాను. మొదటి పుట అంత తెల్లగా, నున్నగా కనిపిస్తుంటే గీత గీయడానికి చెయ్యి రాలేదు. పాడైపోతుందేమోనని ఒకటే టెన్షన్. కొన్నాళ్ళకి నాలుగు డ్రాయింగ్ షీట్లు మడిచి నేనే ఒక పుస్తకం కుట్టుకున్నాను. అందులో మాత్రం ఆ భయం లేదు. మనం కుట్టిన పుస్తకం కదా, ఇది నిండితే రేపు ఇంకొకటి కుట్టుకోవచ్చు.

అందుకే ఇక్కడ పుస్తకం తయారీ నుంచే చెబుతున్నాను. అన్నీ ఒక్కరోజులో చేయొద్దు. వారానికి ఒక పద్ధతి చాలు. అయితే ఒక్క అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి: ఏ రంగు వేసినా, ఏ ముద్ర కొట్టినా దాని పక్కనే పెన్సిల్‌తో తారీఖు, ఏమేం ఎంతెంత కలిపారో, ఎంతసేపు ఆరిందో రాయండి. "మైదా 3 చెంచాలు, నీలం 1 చెంచా, దువ్వెన, రాత్రంతా ఆరింది" అన్నంత చిన్నగా ఉన్నా సరే. ఆ ఒక్క లైను లేక నేను పోగొట్టుకున్న రంగులు చాలా ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా అవి మళ్ళీ రాలేదు. బాగా రాని ముద్ర పక్కన కూడా రాయండి. రెండు నెలల తర్వాత మీకు ఎక్కువ పనికొచ్చేవి ఆ పుటలే.

ముందు రోజు: జిగురు రంగుతో అట్ట కాగితం

పుస్తకానికి అట్ట కావాలి, అది ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. అందుకని దీంతోనే మొదలుపెడదాం. ఉడికించిన పిండి జిగురులో రంగు కలిపి, కాగితం మీద పూసి, తడిగా ఉండగానే దువ్వెనతోనో వేళ్ళతోనో గీతలు లాగడం, ఇంతే పద్ధతి. యూరప్‌లో పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు వందల ఏళ్ళు ఇలాంటి కాగితాలే వాడారు. జర్మనీలోని హెర్న్‌హట్ అనే ఊరు 18వ శతాబ్దంలో వీటికి పేరుపొందింది.

మూడు చెంచాల మైదాను అరగ్లాసు చన్నీళ్ళలో ఉండలు కట్టకుండా కలపండి. వేరే గిన్నెలో గ్లాసున్నర నీళ్ళు మరగనిచ్చి, మంట తగ్గించి, కలిపిన మైదా పోస్తూ గరిటెతో తిప్పుతూనే ఉండండి. మూడు నాలుగు నిమిషాల్లో పాలలాంటి తెలుపు పోయి, గంజిలా కాస్త పారదర్శకంగా మారుతుంది. అప్పుడు దించేయండి. చల్లారాక టీ వడగట్టేదానిలో వేసి చెంచాతో నొక్కితే ఉండలు పైనే ఆగిపోతాయి. చిలికిన పెరుగంత చిక్కగా ఉండాలి. గీసిన గీత మళ్ళీ కలిసిపోతుంటే పలచన అయిందని అర్థం, ఇంకాసేపు ఉడికించండి. బ్రష్‌కి అంటుకుని కదలకపోతే రెండు చెంచాల నీళ్ళు కలపండి.

అరకప్పు జిగురుకి ఒక చెంచా రంగు సరిపోతుంది. పోస్టర్ కలర్ అయినా పరవాలేదు గానీ ఆరాక చేతికి కాస్త అంటుతుంది. యాక్రిలిక్ కలర్ అయితే ఆ బెడద ఉండదు. మొదటిసారికి ముదురు రంగు ఒక్కటే తీసుకోండి. ముదురు ఆకుపచ్చో, గోధుమరంగో అయితే గీత లాగినచోట కింది తెలుపు బయటపడి, కళ్ళాపి చల్లిన వాకిట్లో ముగ్గు వేసినట్టు ఉంటుంది.

కాగితంగా 130 నుంచి 150 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) ఉన్న కార్ట్రిడ్జ్ షీట్, అంటే డ్రాయింగ్ కాగితం తీసుకోండి. జిరాక్స్ కాగితం ఈ తడికి తట్టుకోదు, చిరుగుతుంది. షీట్‌కి రెండువైపులా తడిగుడ్డతో తుడిచి వంటగట్టు గ్రానైట్ మీద పరిస్తే బల్లకి అతుక్కుని నిలుస్తుంది. పొడిగా ఉండగానే జిగురు పూస్తే మాత్రం ఉబ్బి మడతలు పడిపోతుంది. వెడల్పు బ్రష్‌తో ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా పూయండి. ఇక మీ చేతిలో ఐదు నిమిషాలు ఉన్నట్టు.

ఈ ఐదు నిమిషాల కోసం పనిముట్లు ముందే పక్కన పెట్టుకోవాలి. పాత ఏటీఎం కార్డు అంచుని పళ్ళు పళ్ళుగా కత్తిరిస్తే చక్కటి దువ్వెన అవుతుంది. పళ్ళు ఒకే వెడల్పులో లేకపోతేనే ఇంకా అందం. దాన్ని ఏటవాలుగా పట్టుకుని అల అలగా కిందికి లాగండి. పళ్ళ ముందు జిగురు చిన్న గట్టులా పోగవుతూ వస్తుంది, వెనకాల సన్నటి తెల్లగీతలు జట్టుగా సాగుతాయి. గీత చివర చెయ్యి ఎత్తినచోట చిన్న ముద్దలా ఆగుతుంది. దాన్ని తుడిచేయకండి, ఆరాక అక్కడే రంగు అన్నిటికన్నా ముదురుగా నిలుస్తుంది. జంతికల గొట్టంలో నక్షత్రం బిళ్ళ నొక్కి చూడండి. గవ్వల చెక్క ఉంటే తిరగేసి అద్దండి, దాని గాళ్ళు వరసగా పడతాయి. వంటకి వాడే వాటిని ఇలా అద్దిన వెంటనే కడిగేయాలి. రంగులు కొన్ని తినకూడనివి ఉంటాయి, అందుకే వీలైతే ఈ పనికి పాతవి విడిగా పెట్టుకోండి.

నచ్చకపోతే బ్రష్‌తో మళ్ళీ పూసేసి కొత్తగా గీయొచ్చు. చెరిపి మళ్ళీ రాసే ఈ పలక లాంటి గుణం కోసమే కొత్తవాళ్ళకి నేను ముందు దీన్నే చెబుతాను.

ఇంకొకటి తప్పకుండా చేయండి. జిగురు పూసిన రెండు షీట్లను ముఖాముఖి పెట్టి అరచేత్తో నొక్కి, ఒక మూల నుంచి మెల్లగా విడదీయండి. లోపల ఆకు ఈనెల్లా, ఎండిన చెరువు మీది వాగుల్లా కొమ్మలు కొమ్మలుగా నమూనా వస్తుంది. విడదీసే వేగం మారితే కొమ్మల సైజు మారుతుంది. ఇది కూడా పక్కన రాసుకోవాల్సిన విషయమే.

న్యూస్‌పేపర్ మీద రంగు పైకి ఉండేలా రాత్రంతా ఆరనివ్వండి. అంచులు చుట్టుకుపోతే వెనకవైపు కొద్దిగా తడిచేసి, పైనా కిందా తెల్లకాగితం పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒకరోజు ఉంచండి. ఆరిన రంగు మీద తెల్ల కొవ్వొత్తి ముక్కతో రుద్ది మెత్తటి గుడ్డతో తుడిస్తే మెరుపొస్తుంది, నీటి చుక్క పడినా వెంటనే పాడవదు.

మిగిలిన జిగురు, రంగు కలపనిది, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. పుల్లటి వాసన వస్తే పారేయండి. బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం మామూలే. అది విషం, వంటింట్లో చేసే పనికి వద్దు. కొంచెం కొంచెంగా ఎప్పటికప్పుడు చేసుకోవడం మేలు.

పుస్తకం కుట్టడం

ఏ4 కార్ట్రిడ్జ్ షీట్లు ఐదు మధ్యకి మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చండి. 20 పుటలు వస్తాయి. మడిచేముందు షీట్‌ని రెండువైపులా కొద్దిగా వంచి చూడండి. ఏవైపు మెత్తగా వంగుతుందో ఆవైపు మడత సాఫీగా వస్తుంది, రెండోవైపు పగుళ్ళు పడతాయి. ఏ4లో మనకి కావాల్సిన మడత ఒక్కోసారి కష్టమైనవైపే పడుతుంది. అప్పుడు పెద్ద షీట్ కొని మీరే కోసుకోవడం నయం.

పుస్తకం లావెక్కడం గురించి ఇప్పుడే ఆలోచించాలి. లోపల ముక్కలు అతికించేకొద్దీ పుస్తకం నోరు తెరుచుకుంటుంది. దానికి మందు చాలా తేలిక. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న కాగితం పట్టీలు రెండో మూడో నిలువుగా మడిచి, షీట్ల మధ్యమధ్యలో వెన్ను దగ్గర దూర్చి వాటితోపాటే కుట్టేయండి. తర్వాత అతికించే వాటికి ఆ సందు సరిపోతుంది.

నిన్నటి జిగురు రంగు కాగితాన్ని బయట అట్టగా చుట్టండి. మరీ మెత్తగా అనిపిస్తే లోపలివైపు స్వీట్ డబ్బా అట్టని మడతకి ఇటొకటి అటొకటి అతికించండి. ఇప్పుడు పుస్తకం తెరిచి లోపలి మడత మీద మూడు గుర్తులు పెట్టండి: నడిమధ్యన ఒకటి, రెండు చివరల నుంచి మూడేసి సెంటీమీటర్ల లోపల ఒక్కొక్కటి. పాత ఫోన్‌బుక్ లాంటి లావాటి పుస్తకం మీద తెరిచి పెట్టుకుని దబ్బనంతో పొడిస్తే రంధ్రం మడతకి సరిగ్గా పడుతుంది. గాల్లో పట్టుకుని పొడవకండి, చెయ్యి జారుతుంది.

దారం పుస్తకం ఎత్తుకి రెండున్నర రెట్లు ఉండాలి, అంటే దాదాపు 55 సెంటీమీటర్లు. పూలదారం తెగుతుంది. జీన్స్ కుట్టే లావు దారమో, నాలుగు పోగుల ఎంబ్రాయిడరీ దారమో తీసుకుని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి. మైనం పట్టిన దారం చిక్కుపడదు, ముడి జారదు.

సూదిని లోపల నుంచి నడిమి రంధ్రంలో దించి బయటికి లాగండి. లోపల బెత్తెడు కొస వదలండి. బయట నుంచి పై రంధ్రంలోకి దూర్చి లోపలికి రండి. లోపల నడిమి రంధ్రాన్ని దాటేసి, తిన్నగా కింది రంధ్రంలోకి దించి బయటికి వెళ్ళండి. బయట నుంచి మళ్ళీ నడిమి రంధ్రంలో లోపలికి వస్తే, లోపల ఒక పొడుగు కుట్టు, దానికి అటూఇటూ రెండు కొసలు ఉంటాయి. రెండు కొసలూ ఆ పొడుగు కుట్టుకి చెరోవైపు ఉండేలా చూసి, మడత దిశలోనే లాగి, రెండు ముళ్ళు వేయండి. దారాన్ని పుటకి అడ్డంగా లాగితే కాగితం చిరుగుతుంది. ఈ ఒక్క జాగ్రత్త చాలు.

పసుపు, సున్నం

పారాణి చూసిన వాళ్ళకీ, దిష్టి తీసే ఎర్రనీళ్ళు చూసిన వాళ్ళకీ ఈ రంగు కొత్త కాదు. పసుపులోని రంగు పదార్థం పులుపులోనూ, మామూలు నీళ్ళలోనూ పసుపుపచ్చగానే ఉంటుంది. సున్నం, సబ్బు, వంటసోడా లాంటి క్షారం తగిలితే ఎర్రబారుతుంది. దీన్నే కాగితం మీద బొమ్మగా వాడుకుందాం.

పసుపు నీళ్ళలో సరిగ్గా కరగదు, పొడి పొడిగా నిలిచిపోతుంది. సర్జికల్ స్పిరిట్‌లో బాగా దిగుతుంది. చిన్న సీసాలో మూడు పెద్ద చెంచాల స్పిరిట్, ఒక చిన్న చెంచా పసుపు వేసి మూతపెట్టి కుదపండి. పది నిమిషాలాగితే పైన తేట నిలుస్తుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీ తెరిచి ఈ పని చేయండి. పిల్లలతో చేస్తుంటే స్పిరిట్ మాట మరిచిపోండి, వేడినీళ్ళలో పసుపు కలిపినా పని జరుగుతుంది, రంగు కాస్త గరుగ్గా ఉంటుందంతే.

పుట కింద కత్తిరించి విప్పిన పాల ప్యాకెట్ పెడితే రంగు కింది పుటకి దిగదు. ముందు కొవ్వొత్తితో ఏదైనా గీయండి, కనిపించదు, పరవాలేదు. తేటలో బ్రష్ ముంచి పుటంతా పూయండి. మైనం ఉన్నచోట తెల్లగా మిగిలి మీ గీత బయటికొస్తుంది. స్పిరిట్ కాబట్టి నిమిషాల్లో ఆరిపోతుంది.

తాంబూలానికి వాడే సున్నం శనగగింజంత అరగ్లాసు నీళ్ళలో కలిపి తేరనివ్వండి. పై తేటలో సన్నటి బ్రష్ ముంచి ఆరిన పసుపు మీద గీయండి. బ్రష్ తాకిన క్షణంలోనే గీత ఎర్రగా లేస్తుంది. ముందు నెత్తురెరుపు, ఆరేకొద్దీ ఇటుక రంగు. తడి ఎక్కువైతే అంచున ముదురు గీత కట్టి, మధ్యలో లేతగా ఉంటుంది. ఇప్పుడు అగ్గిపుల్లని నిమ్మరసంలో ముంచి ఆ ఎరుపు మీద ఒక్క చుక్క పెట్టండి. ఎరుపు మధ్యలో పసుపు చుక్క తిరిగొస్తుంది. ఎరుపు మీద పసుపు, పసుపు మీద ఎరుపు, ఇలా ఎంతసేపైనా ఆడుకోవచ్చు. సున్నం కంట్లో పడకూడదు. చిన్నపిల్లలకి సబ్బునీళ్ళో, వంటసోడా నీళ్ళో ఇవ్వండి.

మొదటి పుటని నాలుగు గళ్ళు చేసి ఒక్కోదాంట్లో సున్నపుతేట, సబ్బునీళ్ళు, సోడా, నిమ్మరసం వేసి పేర్లు రాయండి. నిమ్మరసం గడి పసుపుగానే ఉంటుంది, మిగతా మూడూ ఎరుపులో తేడాలు చూపిస్తాయి.

పసుపు రంగుకి ఎండ శత్రువు. కిటికీ పక్కన తెరిచి ఉంచిన నా పుట ఒకటి కొన్ని వారాల్లోనే వెలిసిపోయింది. మూసిన పుస్తకంలో ఉన్నవి నిలిచాయి. గోడకి తగిలించే బొమ్మకి పసుపు వాడొద్దు, జర్నల్‌కి హాయిగా వాడొచ్చు. నచ్చిన పుటని ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

కూరగాయ ముద్రలు

ఇది అందరికీ తెలిసిందే కాబట్టి, ముద్ర ఎందుకు చెడుతుందో మాత్రం చెబుతాను. తొంభై పాళ్ళు కారణం తడి. బెండకాయ కోయగానే జిగురు ఊరుతుంది, బంగాళాదుంప నీరు కారుతుంది. కోసిన ముఖాన్ని గుడ్డకి అద్ది పది నిమిషాలు ఆరనివ్వండి. రంగుని స్పాంజి ముక్క మీద పల్చగా పూసి, దానికి అద్ది తీయండి. రంగులో నేరుగా ముంచితే సందులన్నీ పూడిపోయి నక్షత్రం కాస్తా మచ్చ అవుతుంది. పుట కింద మడిచిన టవల్ ఉంటే ముద్ర అంచులదాకా పడుతుంది.

బెండకాయ తర్వాత పాలకూర కట్ట మొదలు అద్ది చూడండి, గులాబీలా పడుతుంది. ఇంట్లో ఎప్పుడైనా అరిటాకు భోజనం పెడితే ఆకు మొదట్లోని లావు కాడ పారేయకండి. దాన్ని అడ్డంగా కోస్తే చంద్రవంకలో తేనెపట్టు అల్లినట్టు గదులు గదులుగా కనిపిస్తుంది. నా జర్నల్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వాడిన ముద్ర ఇదే. ఒక్కో గదికీ మధ్య గోడ దారమంత సన్నం, అందుకే రంగు చాలా తక్కువ పట్టించాలి. మొదటి ముద్ర చిత్తుకాగితం మీద కొట్టి, రెండోదీ మూడోదీ పుట మీద కొట్టండి.

ఆకు మీద కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్దడం కూడా ఇక్కడే చేర్చుకోవచ్చు. దీనికి పల్చటి జిరాక్స్ కాగితమే బాగుంటుంది. ఈనెలు ఉబ్బుగా ఉండే వెనకవైపు పైకి పెట్టాలి. రావి ఆకుతో మొదలుపెట్టండి.

కరక్కాయ, ఇనుము: నల్లటి గీత

శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత వచ్చే తీరు మన జర్నల్‌కి సరిగ్గా సరిపోతుంది. అక్కడ బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన కసింతో దాని మీద గీస్తారు. కరక్కాయలోని వగరుకి ఇనుము తగిలి నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు గీత అలుక్కుపోకుండా ఆపుతుంది.

ఇంట్లో చేయడానికి ఒక వారం పడుతుంది. తుప్పుపట్టిన మేకులు పది, గాజు సీసాలో అరగ్లాసు వెనిగర్‌లో వేయండి. గిన్నెలు తోమే స్టీలు పీచు తుప్పుపట్టదు కాబట్టి అది పనికిరాదు. మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుడుతుంది. గుడ్డ కట్టి పిల్లలకి అందనిచోట పెట్టండి. ఐదారు రోజులకి నీళ్ళ రంగు మారుతుంది. అప్పుడు గుడ్డలో వడగట్టి పేరు రాసి ఉంచండి.

కరక్కాయ ఆయుర్వేద మందుల దుకాణంలోనో, పచారీ కొట్టులోనో దొరుకుతుంది. పొడి రెండు చెంచాలు గ్లాసు వేడినీళ్ళలో రాత్రంతా నాననిచ్చి వడగట్టండి. దొరక్కపోతే చిక్కటి టీ డికాక్షన్ వాడండి, అందులోనూ ఆ వగరు ఉంది, కాకపోతే నలుపు బదులు బూడిదరంగు వైపు వస్తుంది. ఒక పుటలో సగానికి ఉట్టి కరక్కాయ నీళ్ళు, మిగతా సగానికి చెంచాడు చిక్కటి పాలు కలిపినవి పూసి పూర్తిగా ఆరనివ్వండి. లేత పసుపురంగు వస్తుంది.

కలం కూడా చేసుకోవచ్చు. వెదురు పుల్ల ఒక చివర మొన చెక్కి, మొనకి కాస్త పైన పాత నూలుగుడ్డ పీలికని ఉండలా చుట్టి దారంతో బిగించండి. ఆ ఉండ ద్రవాన్ని పీల్చుకుంటుంది, వేళ్ళతో కొద్దిగా నొక్కితే మొనకి దిగుతుంది. ఎంత నొక్కాలో చేతికి తెలియడానికి ఒక సాయంత్రం పడుతుంది. గీసినప్పుడు గీత లేతగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. కంగారుపడి మళ్ళీ దిద్దొద్దు. గాలి తగిలేకొద్దీ కళ్ళముందే నల్లబడుతుంది. పాలు ఉన్న సగంలోనూ లేని సగంలోనూ గీత అంచులు పోల్చి చూసి, తేడా అక్కడే రాయండి.

ఈ సిరాకి పులుపుంది, ఇనుముంది. ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్ని తినేయగలదు. అందుకే పుట నిండా పూయకుండా గీతలకే వాడండి, వెనక పుట మీద ముఖ్యమైనవేవీ రాయొద్దు.

అతికించేవి, దాచేవి

శుభలేఖ కవరుని మూడువైపులా అంటిస్తే జేబు అవుతుంది. జాకెట్టు ముక్క మిగులుని మైదా జిగురుతోనే అతికించొచ్చు, ఫెవికాల్ కంటే మెత్తగా ఉంటుంది, పుట బిరుసెక్కదు. బస్సు టికెట్లు, షాపు బిల్లులు మెషిన్‌లో వేడితో అచ్చయ్యే కాగితమైతే వాటి అక్షరాలు కొన్నాళ్ళకి మాయమవుతాయి. అతికించిన రోజే ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత, ఎవరితో అన్నది పక్కన రాసేయండి. పూరేకుల్ని పాత టెలిఫోన్ డైరెక్టరీలో రెండు వారాలు నొక్కి ఆరబెట్టాకే పెట్టండి, పచ్చిగా పెడితే బూజు పడుతుంది.

అతికించిన ప్రతి పుట మధ్యలో ఆరేదాకా పాల ప్యాకెట్ కవరు ఒకటి ఉంచండి, లేదంటే రెండు పుటలూ కరుచుకుంటాయి. మైదా వాసనకి బొద్దింకలు, కాగితాలు తినే చిన్నపురుగులు వస్తాయి, ముఖ్యంగా వానాకాలంలో. నెలకొకసారి పుస్తకం తెరిచి, పుటలు విసనకర్రలా విప్పి నిలబెట్టి, నీడలో ఫ్యాన్ కింద ఒక పూట ఉంచండి. ఎండలో మాత్రం వద్దు, పసుపు పుటలున్నాయి కదా.